పడవ సరిచూసుకునే వేళ

పూడూరు నుంచి చీకట్లోనే బయలుదేరాను. వికారాబాద్ దాటి, అనంతగిరి మలుపులు తిరిగి, ధారూరు మీదుగా కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట ఎక్కేసరికి తూర్పున ఇంకా పసుపు నీళ్ల వెలుగే. నీటి మీద మంచు ఉతికి ఆరేసిన పంచెలా పల్చగా కదులుతోంది. ఒడ్డున కయాక్‌లు ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో పెద్ద పెద్ద చిక్కుడుకాయల్లా వరుసగా పడుకుని ఉన్నాయి. అనంతగిరికి వచ్చినవాళ్లు అడవిని చూసి పోతారు, ఇక్కడికి వచ్చినవాళ్లు నీళ్లను చూసి పోతారు. నేను వచ్చింది మొదటి పడవ నీళ్లలోకి దిగేటప్పుడు ఒరిగే ఆ ఒరుగు కోసం. ఒరిగాక తనను తాను సరిచూసుకునే రెండు మూడు క్షణాల సొగసు కోసం. రండి, నా పక్కన ఈ రాతి మీద కూర్చోండి. ఎండ ఎక్కేలోగా చూడాలి.

మొదట ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి నిండు మనిషి. బిడ్డకు ఎనిమిదేళ్లుంటాయేమో. ఆయన ముందు కూర్చున్నాడు, బిడ్డను వెనక కూర్చోబెట్టారు. అంతే! పడవ ముక్కు నీళ్లలోకి వంగింది, వెనక కొస గాల్లోకి లేచింది, అదీ చాలదన్నట్టు ఎడమ పక్కకు ఒరిగి అంచంతా తడుపుకుంది. బిడ్డ కెవ్వుమంది. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డ కుర్రాడు మాత్రం ఏమీ తొందరపడలేదు. పాలిచ్చే బర్రె వీపు మీద చెయ్యేసినట్టు పడవ అంచు మీద అరచెయ్యి వేశాడు. "సార్, మీరు ఎనకకు రాండ్రి. పాప ముందట కూసుంటది," అన్నాడు. మార్చి కూర్చోబెట్టాడు. ఇంకా పిసరంత ఎడమకే ఉంది. "జర కుడికి జరుగుండ్రి సార్. ఇంకింత. ఆఁ, సాలు."

ఆ 'సాలు' దగ్గర నా ఊపిరి నిలిచిపోయింది. ఎందుకంటే ఏ పడవా ఒక్క ఊపున సరికాదు. ఎడమ నుంచి లేచింది, కుడికి కొంచెం ఎక్కువే పోయింది, సిగ్గుపడ్డట్టు వెనక్కి వచ్చింది. మళ్లీ అటు, ఇందాకటి కంటే తక్కువ. మళ్లీ ఇటు, మరీ తక్కువ. చివరికి ఎక్కడ ఆగిందో కంటికి చిక్కకుండా ఆగింది. అంచు చుట్టూ నీటి గీత, ముగ్గుపిండితో ఒక్క చేత్తో లాగినంత సమంగా నిలిచింది. కచేరీలో గాయకుడు స్వరాలన్నీ విరజిమ్మి, ఎక్కడెక్కడో తిరిగి, ఒక్క మాత్ర కూడా తప్పకుండా పల్లవి ఎత్తుగడ మీద వాలినప్పుడు సభ మొత్తం ఒక్క గొంతుతో 'ఆహా' అంటుందే! ఆ 'ఆహా' ఇక్కడ నీళ్లలోంచి లేచింది. పదిమంది కూడా లేని ఈ ఒడ్డున, ఎవరూ చప్పట్లు కొట్టని ఈ వేళలో, ఎంత నిండైన తాళం అది! తరువాత తండ్రి తెడ్డు వేశాడు. నాకు కావలసింది అప్పటికే అయిపోయింది.

మన భాషకు ఈ అందం ఎంతో ముందే తెలుసు. ఒరగడం అన్న మాటను కాసేపు నాలుక మీద ఉంచుకోండి. గోడకు ఒరుగుతాం, దిండుకు ఒరుగుతాం. అలసిన బిడ్డ అమ్మ భుజానికి ఒరుగుతుంది. పాలుపోసుకున్న జొన్న కంకి ఒరుగుతుంది. యుద్ధంలో వీరుడు నేలకొరుగుతాడు. విశ్రాంతికీ చావుకీ ఒకే మాట! ఒరిగిన పడవ ఆ రెంటి నడుమా ఉంటుంది, అందుకే దాన్ని చూస్తుంటే జాలీ భయమూ కలిసి వస్తాయి. ఇక 'సరి' సంగతి చెప్పేదేముంది. సమానమంటే సరి, చాలంటే సరి, ఒప్పుకుంటే సరే. సరిజోడు, సరిపాళ్లు. రెండక్షరాల్లో ఇంత నిమ్మళాన్ని పోసి పెట్టిన పెద్దలకు ఏమిచ్చి రుణం తీర్చుకుంటాం!

పూడూరులో పుట్టినవాడికి పడవల మీద ఈ పిచ్చి ఎక్కడిదని అడుగుతారు. మాకు పెద్ద నదీ లేదు, రేవూ లేదు. నల్లరేగడి కొంత, ఎర్రచెల్క కొంత, మిగిలింది అడవి. కానీ ఎడ్లబండి ఉండేది. బండి ఎక్కినవాడికి పడవ కొత్త కాదు. ఇరుసుకు వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. ముందు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. కంది బస్తాలు వేయడం పూర్తయ్యాక మా తాత ఎడ్లను కట్టకముందే ముందుకు వచ్చి, కాడిని రెండు వేళ్లతో ఎత్తి చూసేవాడు. బరువనిపిస్తే ఒక బస్తాను మూరెడు వెనక్కి లాగించేవాడు. మళ్లీ రెండు వేళ్లు. పదిహేను బస్తాల బండి, ఆ రెండు వేళ్ల మీద మల్లెపూవులా లేచేది! అప్పుడు మాత్రమే "ఇగ కట్టు" అనేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు తాను నొగ మీదికి జరిగేవాడు, దిగేటప్పుడు వెనక్కి జరిగేవాడు. తన ఒళ్లే ఆయనకు ఆఖరి బస్తా. ఆ జరుగుబాటులో ఉన్న లాలిత్యాన్ని ఏ నాట్యాచార్యుడూ ఆయనకు నేర్పలేదు.

అసలు మా నేలే ఒక కావడి. అనంతగిరి మీద పడిన వానలో తూర్పుకు జారిన నీరు మూసీ అవుతుంది, హైదరాబాద్ మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి జారింది కాగ్నాలో చేరి, తాండూరు నాపరాళ్ల మీదుగా కర్ణాటకలో భీమను కలిసి, భీమతో పాటు అదే కృష్ణకు చేరుతుంది. ఒకే మబ్బు నీళ్లు, కావడి రెండు కొసల రెండు కుండల్లా చెరో దిక్కుకూ వేలాడి, వందల కిలోమీటర్ల తరువాత ఒకే నదిలో ఒలుకుతాయి. వానాకాలంలో అనంతగిరి మీద నిలబడితే నాకు కాళ్ల కింద కొండ మెల్లగా తూగుతున్నట్టు ఉంటుంది.

ఆ కృష్ణ మీదే నేను మొదటిసారి పుట్టి ఎక్కాను. మక్తల్ వైపు నుంచి కురువపురం దత్తక్షేత్రానికి దాటే రేవులో. పుట్టికి ముందూ వెనకా ఉండవు, కుడీ ఎడమా ఉండవు. గుండ్రటి వెదురు బుట్ట. అది నదిని చూసి నవ్వే నోరులా ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు దానికి కుదురే లేదు, కాలు పెడితే చాలు ఆవలి అంచు లేస్తుంది. దాన్ని నింపడం చూడాలి! పుట్టి నడిపే మనిషి మాటలు తక్కువ, చూపు ఎక్కువ. మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. ఆ చూపులో మా తూకాలన్నీ పడిపోయాయి. "పెద్దమ్మా, నువ్వు నడిమిట్ల కూసో. అయ్యా, నువ్వు ఇటు. అన్నా, బియ్యం మూట నీ కాళ్ల కాడ పెట్టుకో." ఒక్కొక్కరు కూర్చున్న కొద్దీ పుట్టి అటొకసారి ఇటొకసారి తల ఊపింది. నిండే కొద్దీ ఆ ఊపు తగ్గింది. ఎనిమిదో మనిషి ఎక్కేసరికి ఆ తుంటరి బుట్ట పెద్దరికం వచ్చిన ఇల్లాలిలా నెమ్మదించింది. బరువే దానికి కుదురు నేర్పింది! నది నడుమ గుడి గోపురం కనిపించిందని నేను తటాలున లేవబోయాను. ఒక అంచు దిగింది, చల్లటి నీరు చారెడు లోపలికి వచ్చి నా పాదాలు తడిపింది. "కూసో అయ్యా, దేవుడు యాడికీ పోడు," అన్నాడాయన. అందరూ నవ్వారు, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ చారెడు నీళ్ల చల్లదనం ఇప్పటికీ నా అరికాళ్లలో ఉంది.

సంగడి అని ఇంకొక మాట ఉంది. రెండు దోనెలను పక్కపక్కన కట్టి నడిపేదాన్ని అలా అన్నారు. చెలిమినీ అదే మాటతో అన్నారు, స్నేహితుణ్ని సంగడీడన్నారు. ఒంటి దోనె ఒరుగుతుంది, పక్కన ఇంకొకటి ఉంటే ఆగుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట మన తీరం గురించి రాసిన గ్రీకు నావికుడు 'సంగర' అన్న పడవలను పేర్కొన్నాడు. అది మన సంగడే అని కొందరు పండితులు భావించారు. నాకైతే అందులో సందేహమే లేదు. అలాంటి తియ్యటి మాట ఇంకెవరికి పుడుతుంది! శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద ముద్రించినప్పుడు కూడా దానికి సీసాన్నే తీసుకున్నారు. ఓడల అడుగున బరువుగా వేసే లోహం, ఓడ బొమ్మకే ఒళ్లయింది. తెలిసి చేశారో లేదో గానీ, ఆ నాణెం అరచేతిలో పెట్టుకున్నవాడికి ఓడ తూకం అందే ఉంటుంది.

ఇక హుస్సేన్‌సాగర్‌కు రండి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన ఆ చెరువు మీద వానాకాలంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్లు వస్తారు. లేజర్ పడవలు, ఒక్కొక్కటి పద్నాలుగడుగులకు లోపే, ఒక తెరచాప, ఒక మనిషి. అడుగున రాళ్లు లేవు, సీసం లేదు. ఆ మనిషే రాయి, ఆ మనిషే సీసం. సాగర్ మీది గాలికి ఒక మాట మీద నిలబడే గుణం లేదు. కట్టడాల సందుల్లోంచి దూకి వస్తుంది, ఆగుతుంది, దిక్కు మారుస్తుంది, మళ్లీ విసురుతుంది. విసిరిన ప్రతిసారీ పడవ వాలుతుంది. వాలిన ప్రతిసారీ ఆటగాడు పాదాలను పట్టీలకు తగిలించి, నడుము అంచు దాటించి, వీపు నీటిని రాసుకునేంతగా వెనక్కి వాలిపోతాడు. పడవ అటు, మనిషి ఇటు. రెండూ వాలిన గీతలే, రెండింటి నడుమ నిట్టనిలువుగా ఏ కంటికీ కనిపించని ఒక మూడో గీత! గాలి తగ్గిందా, వెంటనే లోపలికి రావాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే తన బరువే తన పడవను తలకిందులు చేస్తుంది. సంజీవయ్య పార్కు వైపు గట్టు మీద గొడుగు మడిచి, తడుస్తూ, ఒక సాయంత్రమంతా నిలబడ్డాను. ఇరవై తెరచాపలు ఒకే గాలికి ఒకే వాలుగా వంగి, ఇరవై వెన్నులు ఒకే వాలుగా ఎదురు వంగి, బూడిదరంగు నీటి మీద కొంగల గుంపు మలుపు తిరిగినట్టు తిరిగిన క్షణాన్ని ఏమని చెప్పను! కళ్లు చెమర్చాయి. వాన నీరే అనుకుని ఉంటారు పక్కవాళ్లు.

అదే నీటి నడుమ బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఆ విగ్రహం వైపు చూసినప్పుడు నా ఉల్లాసం దానంతటదే గొంతు తగ్గించుకుంటుంది. భువనగిరి దగ్గరి రాయగిరిలో, గణపతి స్థపతి చేతి కింద, ఒకే రాతిలో చెక్కిన 58 అడుగుల మూర్తి. మూడు వందల టన్నులకు పైబడిన శాంతి. 1990 మార్చి 10న బార్జి మీద ఎక్కించి చెరువులోకి తీసుకుపోతుంటే, ఒడ్డు ఇంకా దగ్గరలో ఉండగానే బార్జి ఒక పక్కకు ఒరిగింది. విగ్రహం నీళ్లలోకి జారింది. కొందరు మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత బరువు ఒకసారి ఒరగడం మొదలుపెట్టాక దాన్ని ఏ చెయ్యి ఆపగలదు! రెండేళ్లకు పైగా ఆయన చెరువు అడుగున, బురదలో, చీకట్లో పడుకున్నాడు. పైన వానలు కురిశాయి, పండుగలు జరిగాయి, వినాయకుళ్లు వచ్చి ఆయన పక్కనే కరిగిపోయారు. తరువాత ఆయనను పైకి తీశారు. మళ్లీ బార్జి మీదే పెట్టారు. మళ్లీ అదే నీటి మీద నడిపించారు. ఈసారి బార్జి సమంగా, సమంగా, సమంగా సాగింది! 1992 డిసెంబరు 1న చెరువు నడుమ జిబ్రాల్టర్ రాక్ అని పిలిచే చోట ఆయన నిలబడ్డాడు. అభయహస్తం ఎత్తిన ఆ మూర్తిని లక్షలమంది చూస్తున్నారు. నాకు మాత్రం ఆ రెండో ప్రయాణమే కనిపిస్తుంది. ఒకసారి తమ చేతుల మీదుగా మునిగినదాన్ని మనుషులు మళ్లీ నీటి మీదికి తీసుకుపోయిన ఆ దూరం. ఎన్ని కళ్లు బార్జి అంచు మీద, నీటి గీత మీద అతుక్కుని ఉంటాయో! అంత మంది ఊపిరి బిగబట్టిన మౌనానికి తూగే సంగీతం ఏముంది?

ఇలాంటిదే ఇంకొక మునక స్వీడన్‌లో ఉంది. 1628లో స్టాక్‌హోమ్ రేవులో వాసా అనే యుద్ధనౌక తయారైంది. ఒళ్లంతా శిల్పాలే, రెండు అంతస్తుల ఫిరంగులు. అడుగున రాళ్లు పోశారు గానీ పైనున్న ఆ వైభవానికి ఆ రాళ్లు చాలలేదు. ప్రయాణానికి ముందు 30 మంది నావికులను ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించి చూశారు. మూడు పరుగులకే ఓడ ఊగిన ఊపుకు భయపడి ఆపించారు. అయినా తెరచాపలు విప్పారు. ఆగస్టు 10న చిన్న గాలి విసురుకు అది ఒరిగి, ఫిరంగి కిటికీల్లోంచి నీరు తాగి, మైలు దూరమైనా పోకుండా మునిగింది. ఆ మూడు పరుగులను తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఓడ తనకు తెలిసిన ఒకే ఒక భాషలో, ఊగి చెప్పింది! వినవలసినవాళ్లు విన్నారు కూడా. 1961లో పైకి తీసిన ఆ ఓడ ఇప్పుడు మ్యూజియంలో, నీరు లేని చోట, నిటారుగా నిలబడి ఉంది.

మళ్లీ పూడూరుకు వస్తాను. మా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న నౌకాదళం వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య తరంగాల) కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఉన్న కేంద్రం తరువాత దేశంలో ఇది రెండోది. నీటి అడుగున తిరిగే సబ్‌మెరైన్లకు మాట చేరవేసే తరంగాలు ఇక్కడి నుంచి పోతాయట. చెట్ల గురించి ఊళ్లలో దిగులు ఉంది, రామలింగేశ్వరుడి గుడి చుట్టూ చిన్నప్పుడు తిరిగిన నాకూ ఆ దిగులు ఉంది. దాన్ని దాచుకోను. కానీ ఆ కబురు విన్న నాటి నుంచి నా మనసు విశాఖ తీరంలోని కురుసుర చుట్టూ తిరుగుతోంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుని, 2002 నుంచి ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియంగా నిలిచిన 91 మీటర్ల సబ్‌మెరైన్. దాని ఇరుకు నడవల్లో ఒంగి నడుస్తూ, చక్రాల మీద, కవాటాల మీద చెయ్యి వేస్తూ నేను వెతికింది ఆ తూకం కోసమే. పడవలన్నీ నీటి మీద సరిచూసుకుంటాయి. ఇది నీటిలోపల సరిచూసుకుంటుంది, నీటితోనే సరిచూసుకుంటుంది! ముందు తొట్టిలోని నీటిని వెనక తొట్టికి పంపుతుంది, వెనకది ముందుకు తెచ్చుకుంటుంది. నలుగురు మనుషులు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే దానికి తెలుస్తుంది. వంటకు బియ్యం తరిగితే తెలుస్తుంది. ఒక టార్పెడో తన ఒడి విడిచి పోతే, పోయినంత బరువు సముద్రాన్ని లోపలికి తీసుకుని, ఏమీ జరగనట్టు నిలకడగా ఉంటుంది. చీకటి, లోతు, చుట్టూ ఉప్పునీటి ఒత్తిడి. చూసి మెచ్చే కన్ను ఒక్కటీ లేదు. ఎంత ఏకాంత సౌందర్యం! ఆ లోతులకు మా మోదుగచెట్ల మధ్య నుంచి ఒక మాట పోబోతోందంటే, తాత రెండు వేళ్ల మీద లేచిన కాడి గుర్తొస్తుంది.

ఎండ ఎక్కింది. మంచు పోయింది. కోట్‌పల్లి నీళ్లు పలకలు పలకలుగా మెరుస్తున్నాయి. అదిగో, తండ్రీ కూతురూ తిరిగి వస్తున్నారు. పడవ ఒడ్డు తాకగానే బిడ్డ ఆగలేదు. "నానా, నేను దిగుతున్న!" అని చెంగున నీళ్లలోకి దూకింది. తేలికైన ముందు కొస ఒక్కసారి పైకి లేచి, పడవ తండ్రి వైపుకు ఒరిగింది. కుర్రాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. బిడ్డ ఖాళీ చేసిన చోట తన అరచెయ్యి ఆనించి, మెత్తగా, సరిగ్గా ఆ పాప అంత బరువు నొక్కి పట్టాడు.